పదేండ్ల మౌనము: మాచునూరు సంఘం రేడియో కథ

(మన గాలి – మన గొంతు: తెలంగాణ రేడియో చరిత్ర, ఏడవ భాగము)

గత భాగములో మనము దక్కన్ రేడియో వృత్తాంతమును చెప్పుకొంటిమి. హైదరాబాదు నగరమున తపాలా శాఖకు చెందిన మహబూబ్ అలీ అను ఔత్సాహికుడు 200 వాట్ల చిన్న యంత్రముతో మొదలుపెట్టిన కేంద్రమును 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాం ప్రభుత్వము తన వశము చేసికొన్నది. ఉర్దూకు పెద్దపీట వేసి, తెలుగు, కన్నడ, మరాఠీ భాషలకు కొద్దికొద్దిగా ఎడమిచ్చుచు అది పదునైదేండ్లు నడచినది. సంస్థానము అంతరించిన పిదప 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో లీనమయ్యెను. రాజు మారెను, జెండా మారెను, కేంద్రము పేరు మారెను. ఎవరు పలుకవలెను, ఎవరు వినవలెను అను ఏర్పాటు మాత్రము మారలేదు. రాజధానిలోని ఒక గదిలో ఎవరో పలుకుదురు, పల్లెలోని రచ్చబండ చుట్టు కూర్చుండి మనము విందుము. ఈ ఏర్పాటును మొట్టమొదట తారుమారు చేసిన స్త్రీల కథయే ఈ భాగము.

ఆ కథలోనికి పోకముందు మన ప్రాంతపు సంగతి కొంత చెప్పుట అవసరము. ముస్తాబాదు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల సీమలో రేడియోకు ఉన్న చనువు ఇతర ప్రాంతములందు తక్కువగా కనబడును. దానికి కారణము మన వృత్తులే. బీడీలు చుట్టు తల్లుల చేతులు చాటలోని తునికాకుతోను, తంబాకుతోను తెల్లవారినది మొదలు మాటుమణుగు దాక తీరిక లేకుండును. కండ్లు ఆకు కత్తిరింపుపై నిలిచి ఉండును. ఊరకుండునవి చెవులు మాత్రమే. పొలమున మోట కొట్టు రైతుకును, మరమగ్గముల సాంచెల నడుమ చెవులు గింగురుమను రొదలో నిలువబడిన సిరిసిల్ల కార్మికునికిని, దుబాయి క్యాంపు గదిలో రాత్రి వంట చేసికొను మన యువకునికిని రేడియో అట్టి నేస్తమే. చేతులను ఆపక, చూపును అడుగక, పనివానితో పాటు పనిలో ఉండగలిగిన సాధనము అది యొక్కటియే. ఒకప్పుడు గ్రామ పంచాయతీ కార్యాలయమున రేడియో పెట్టె ఉండుటయు, దాని గొంతు మైకులో ఊరంతట మ్రోగుటయు, సాయంకాలము వ్యవసాయదారుల కార్యక్రమము వేళకు పెద్దలు గద్దెపై చేరి, చుట్ట ముట్టించుకొని వినుటయు పాతతరము వారికి జ్ఞాపకముండును. ఇంటిలో రేడియో కొనిన వారు ప్రతి యేడు తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము కట్టి, పుస్తకముపై ముద్ర వేయించుకొని రావలసి ఉండెను. వినుటకు సైతము అనుమతి కావలసిన కాలమది. పలుకుట అను ఊహ ఎవరికి తట్టును?

ఆ అనుమతికి మూలము 1885 నాటి తంతివార్తల చట్టము. తెల్లవారు తమ ఏలుబడి భద్రత కొరకు చేసికొన్న ఆ శాసనము తంతికి, పిమ్మట తంతిలేని వార్తకు, ఆ పిమ్మట ఆకాశవాణికి అన్నిటికిని ఆధారమై నిలిచెను. 1933లో నిస్తంత్రీ వార్తల చట్టము దానికి తోడయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను దశాబ్దముల తరబడి ఈ రెండింటిని రద్దుచేయు తలంపు ఏ ప్రభుత్వమునకును కలుగలేదు. జనుల చేతికి మైకు ఇచ్చినచో ఏమి పలుకుదురో అను శంక పాలకులను వదలలేదు. ఆ శంకకు మన సీమయే ఒక నిదర్శనము. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినది. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రభుత్వము ప్రకటించినది. డప్పుపై పాట పాడుటయే అనుమానాస్పదమైన దినములవి. ఆ తాలూకాలలో ఊరివారు రేడియో పెట్టుకొందుమని అడిగి ఉన్నచో ఏ అధికారి అనుమతి వ్రాసి ఇచ్చి ఉండును? దోషము ఎవరిదను తగవును ఇక్కడ విప్పుట నా ఉద్దేశము కాదు. పాలకునికి పల్లె గొంతు అనగా ఎంత గుబులో తెలుపుటకు మాత్రమే ఈ ముచ్చట చెప్పితిని.

ప్రభుత్వపు రేడియో తమ అభిరుచిని గుర్తింపకున్నప్పుడు శ్రోతలు వేరుదారి వెదకుకొనుట లోకమంతట జరిగినదే. 1952లో సమాచార ప్రసార శాఖా మంత్రియైన బి.వి. కేస్కర్ సినిమా పాటలను తక్కువచూపు చూచి, ఆకాశవాణి నుండి వానిని దాదాపు బహిష్కరింపగా, దేశమునందలి శ్రోతలందరు సముద్రము దాటి రేడియో సిలోను వైపు ముల్లు తిప్పిరి. ఐదేండ్ల పిమ్మట, 1957 అక్టోబరు 3న, వివిధభారతిని స్థాపించి ప్రభుత్వమే దిగివచ్చినది. ఇంగ్లండులోను ఇదే జరిగినది. యువకులు కోరిన రాక్ సంగీతమునకు బి.బి.సి.లో దొరకిన చోటు కొద్దిగంటలే. 1964 మార్చిలో రేడియో కరోలైన్ అను కేంద్రము తీరమునకు ఆవల, చట్టము చేయి చేరని సముద్రముపై, ఒక ఓడలో యంత్రము నిలిపి ఆ పాటలను ప్రసారము చేయసాగెను. 1967లో పార్లమెంటు చట్టము చేసి అట్టి ఓడలలో పెక్కింటి నోరు మూయించినది. అయినను ఆ యేటి సెప్టెంబరు చివర బి.బి.సి. స్వయముగా ఆ సంగీతము కొరకు రేడియో వన్ అను శాఖను తెరువక తప్పలేదు. అమెరికాలో బర్క్లీ నగరమున కె.పి.ఎఫ్.ఎ. అను కేంద్రము 1949 నుండియే శ్రోతల చందాలతో నడచుచు, వ్యాపార ప్రకటనలకు లొంగక నిలిచెను. పెద్ద కేంద్రములు తోసివేసిన పాటను, మాటను, యాసను చేరదీయు చిన్న కేంద్రములకు ఇవి మేలుబంతులు. మన తెలుగు దేశములో అట్టి కేంద్రము వెలసినది రాక్ సంగీతము కొరకు కాదు; జొన్నచేను కొరకు, ఆ చేనిలో పాడుకొను పాట కొరకు.

జహీరాబాదు తెలంగాణమునకు పడమటి అంచు. అక్కడి సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ నాలుగును ఒకే గంపలో కలిసి అమ్ముడుపోవును. ఎర్రని రాతినేల, వాన కురిసిన పంట, కురియకున్న వలస. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరుని జాతర పేరు మనలో కొందరు వినియే ఉందురు; ఆ చుట్టుపట్ల పల్లెలలో భూమి ఉండియు లేనట్టి దళిత కుటుంబములు ఎక్కువ. చేతనున్న రెండెకరములు పెట్టుబడి లేక బీడుపడి ఉండగా, ఇంటి ఇల్లాలు పరుల చేనికి కూలికి పోవుచుండెను. 1983లో అచ్చట దక్కన్ అభివృద్ధి సంఘము, అనగా డి.డి.ఎస్., వెలసినది. దానికి ప్రాణము పోసిన వారిలో ముఖ్యుడు పి.వి. సతీష్. మైసూరు దేశపు కన్నడిగుడు; దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పని చేసినవాడు; 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు దూరదర్శన పాఠములను చేర్చిన సైట్ ప్రయోగములో అనుభవము గడించినవాడు. రాజధానిలో నిర్మించిన కార్యక్రమము పల్లెకు చేరునప్పటికి ఎంత సారము కోల్పోవునో కన్నులార చూచినందువలననే కాబోలు, ఆ దిశను తలక్రిందులు చేయవలెనను పట్టుదల ఆయనలో పాదుకొన్నదని నా విశ్వాసము.

1983వ సంవత్సరమే రాష్ట్రమున రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన సంవత్సరము. ఆకలి తీర్చిన పథకమని దానికి దండము పెట్టవలసినదే. కాని జహీరాబాదు చేలలో దాని నీడ వేరు విధముగా పడెను. చౌక బియ్యము ఇంటికి వచ్చుటతో పచ్చజొన్న, కొర్ర, సామ, తైద చేనిలో నుండియు, కంచములో నుండియు మెల్లగా తొలగిపోయెను. వాని వెంబడి ఆ పంటల కలుపుపాట, దంపుడుపాట, విసురుపాట తొలగెను. ఏ కార్తెలో ఏ విత్తనము చల్లవలెను, ఏ పురుగుకు ఏ కషాయము అను తెలివియు తొలగెను. ఊరూర ఏర్పడిన స్త్రీల సంఘములు ఈ నష్టమును ముందుగా పసిగట్టినవి. బీడు భూములను దున్నించి, జొన్న పండించి, ఆ జొన్ననే ఊరి పేదలకు చౌకధరకు ఇచ్చు ఏర్పాటును 1990ల నడుమ వారు స్వయముగా నడిపిరి. విత్తనములను బూడిదతోను, వేపాకుతోను కలిపి బుట్టలలో పోసి, పైన మట్టియు పేడయు అలికి, వచ్చే కారు వరకు దాచుట వారికి తల్లుల నుండి వచ్చిన విద్య. ఆ విద్య ఏ గ్రంథమునను లేదు. నోటి నుండి చెవికి మాత్రమే పోవుచుండెను. కనుకనే ఆ స్త్రీలు అడిగినది గ్రంథాలయమును కాదు, రేడియోను.

ఏల రేడియో అని అడిగిన వారికి వారు చెప్పిన సమాధానముల సారము ఇది: చదువు రానివారికి అక్షరము పనికిరాదు, గొంతు పనికివచ్చును. పెద్ద రేడియోలో వచ్చు తెలుగు తమ తెలుగు కాదు. ఎరువుల పేర్లు, మందుల పేర్లు అందులో వచ్చును గాని తమ చేనిలో ఒక్కటిగా పెరుగు ఇరువది రకముల పంటల పేర్లు రావు. అదియు గాక, తమ మాట వినిపించినచో ఊరివారు నవ్వుదురను సిగ్గు తరతరములుగా తమలో నాటుకొన్నది. అది పోవలెనన్న తమ యాస గాలిలో మ్రోగవలెను. ఈ చివరి మాటను సిరిసిల్ల, జగిత్యాల వారికి నేను విడమరచి చెప్ప పనిలేదు. మన యాసను సినిమాలలో సేవకుల నోట, దుష్టుల నోట పెట్టి నవ్వించిన దినములు మనకు తెలియును.

ఆ కోరికను యునెస్కో ఆలకించినది. దాని ఆర్థిక సహాయముతో, 1998 నాటికి, మాచునూరు గ్రామమున, సంఘముల పిల్లల కొరకు అంతకుముందే వెలసిన పచ్చసాలె అను బడి ఆవరణములో, రేడియో కేంద్రము సిద్ధమయ్యెను. రికార్డింగు గది, కూర్పు యంత్రములు, స్తంభము, ట్రాన్స్మిటరు – అన్నియు అమరినవి. లేనిది ఒక్కటే: ఢిల్లీ నుండి రావలసిన కాగితము. పెండ్లిపందిరి వేసి, పెండ్లికూతురికి పసుపు రాసి, లగ్నపత్రిక కొరకు పదేండ్లు కూర్చుండినట్లున్నది ఆ కథ.

ఆ కాగితము రావలసిన న్యాయము మాత్రము మూడేండ్లకు ముందే పుట్టియుండెను. పుట్టిన చోటు వింతయైనది. 1993 నవంబరులో హీరో కప్పు క్రికెట్టు పోటీలు జరిగి, కలకత్తా ఈడెన్ తోటలో ముగిసినవి. వాని ప్రసారపు హక్కును బెంగాలు క్రికెట్టు సంఘము ఒక విదేశీ సంస్థకు అమ్ముకొనగా దూరదర్శన్ అడ్డుపడెను. ఆకాశముపై అధికారము సర్కారుదేనని ఒకరు, ఆట మాది కనుక ప్రసారమును మాదేనని మరియొకరు వాదింపగా, వ్యాజ్యము సుప్రీంకోర్టుకు ఎక్కెను. 1995 ఫిబ్రవరి 9న పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్ రెడ్డి అను ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి: వాయుతరంగములు ప్రజల ఆస్తి. అవి సర్కారు గుత్తసొత్తు కావు. వీరిలో జీవన్ రెడ్డిగారు మన తెలుగువారు. వేరుగా వ్రాసిన తమ తీర్పులో వారు, ప్రభుత్వపు గుత్తాధిపత్యము ఎంత చేటో, ప్రసారములను ధనస్వాముల చేతికి వదలుటయు అంత చేటని హెచ్చరించిరి. తరువాత జరిగిన కథను తలచినప్పుడు ఆ హెచ్చరికలోని దూరదృష్టికి నమస్కరింపవలెననిపించును. క్రికెట్టు ప్రసారపు ధనకలహము నుండి కూలిస్త్రీల మైకుకు హక్కు పుట్టుట మన చరిత్రలో అరుదైన ఘట్టము.

హక్కు పుట్టెను గాని అది పల్లెకు నడచివచ్చుటకు దారి లేకపోయెను. 1996లో బెంగుళూరులో కార్యకర్తలు సమావేశమై సమాజ రేడియో కొరకు ఒక ప్రకటన వెలువరించిరి. 2000 జూలైలో డి.డి.ఎస్. నెలవైన పస్తాపురము పేరిట మరియొక ప్రకటన వెలువడెను. లాభాపేక్ష లేకుండుట, స్థానికులే యజమానులగుట, స్థానికులే కార్యక్రమములను నిర్మించుట అను మూడు సూత్రములను ఈ రెండవది నొక్కిచెప్పినది. ఢిల్లీ వినలేదు. వినలేదనుట సరికాదు, వేరే వారి మాట ముందుగా విన్నది. ఎఫ్.ఎం. తరంగములను వేలము వేసి, 2001 జూలైలో బెంగుళూరులో మొదటి ప్రైవేటు కేంద్రము మ్రోగుటకు దారి ఇచ్చినది. డబ్బు కట్టిన వారికి గాలి దొరకెను. మాచునూరు స్తంభము మాత్రము పిట్టలు వాలు దండెముగా నిలిచియుండెను. కోర్టు ప్రజలదన్న ఆస్తిని వేలముపాటలో పెట్టి, ప్రజలకు మాత్రము భద్రతను సాకుగా చూపుట న్యాయము కాదని ఇన్నేండ్ల తరువాతను చెప్పక తప్పదు.

ఆ సాకు ఎంత కఠినముగా నడచెనో తెలియుటకు కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఒక సాక్ష్యము. అచ్చటి పొదుపు సంఘముల స్త్రీలు 2002లో ‘మన రేడియో’ అను పేర అతి చిన్న ప్రసారము మొదలుపెట్టిరి. ఆ యంత్రపు శక్తి అర వాటు. మన ఇంటి పాతకాలపు రాత్రిదీపపు శక్తిలో అది పదవ వంతు సైతము ఉండదు. దాని గొంతు ఊరి పొలిమేర దాటుట కష్టము. అయినను 2003 ఫిబ్రవరిలో అధికారులు వచ్చి, అనుమతి లేదని దానిని మూయించిరి. ఊరి ఆడవారు ఊరి ఆడవారితో మాటలాడుకొనుట దేశభద్రతకు ఏ విధముగా ముప్పో నాకు ఇప్పటికిని బోధపడదు. ఈ వార్త మాచునూరు చేరినప్పుడు అచ్చటి స్త్రీలు ఒక నిర్ణయమునకు కట్టుబడి ఉండిరి: దొంగతనముగా ప్రసారము చేయరాదు. యంత్రము చేతనున్నది, మీట నొక్కిన చాలును, అయినను నొక్కలేదు. ఓడపై పాట పాడిన రేడియో కరోలైన్ సాహసమును లోకము మెచ్చుకొన్నది. మాచునూరు స్త్రీల నిగ్రహము అంతకంటె గొప్ప సాహసమని నేను తలంతును.

నిగ్రహమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. కేంద్రమును చూచుకొనుటకు ఇరువురు దళిత యువతులు నిలిచిరి. ఇరువురి పేరును నర్సమ్మయే. గుర్తు కొరకు ఒకరిని ఊరిపేరుతో అల్గోల్ నర్సమ్మ అనిరి, మరియొకరు జనరల్ నర్సమ్మగా ప్రసిద్ధికెక్కిరి. పత్రికలలోను, దేశవిదేశముల సభలలోను ఈ ఇరువురి పేర్లు పిమ్మట మారుమ్రోగినవి. ఆ పదేండ్లలో వారు చేసిన పనిని ఊహించుకొనుడు. రికార్డరు భుజమున వ్రేలాడవేసికొని ఊరూరు తిరుగుట. నాటువేళ చేనిగట్టుపై కూర్చుండి ముసలమ్మల పాటలు పట్టుట. మంత్రసానిని, మూలికలు తెలిసిన తాతను, బుట్టలల్లు వానిని, విత్తనములు దాచు ఇల్లాలిని పలుకరించి, మొదట సిగ్గుతో పెదవి విప్పని వారిని మెల్లగా ముచ్చటలోనికి దింపుట. తిరిగివచ్చి గదిలో కూర్చుండి అనవసరమైనది తీసివేసి, అవసరమైనది అతికి, క్యాసెట్టుగా చేయుట. అట్లు వందల గంటల ధ్వని పోగుపడెను. గాలిలోనికి పంపుటకు వీలులేని ఆ క్యాసెట్లను సంఘము సమావేశములకు మోసికొనిపోయి, టేపు రికార్డరులో పెట్టి వినిపించిరి. వినిన వారు ఒకరినొకరు చూచుకొని, తమ పక్కింటి అక్క గొంతు గుర్తుపట్టి, తాము చెప్పవలసినది మరికొంత ఉన్నదని లేచి చెప్పిరట. పెద్ద కేంద్రములు సంవత్సరముల తరబడి శ్రోతల ఉత్తరముల కొరకు కనిపెట్టుకొని ఉండగా, ఇక్కడ శ్రోత ఎదుటనే కూర్చుండి బదులు పలుకుచుండెను.

ఈలోపల ఢిల్లీ తలుపు మెల్లమెల్లగా తెరచుకొనసాగెను. 2002 చివర విద్యాసంస్థలకు రేడియో అనుమతి ఇయ్యవచ్చునను విధానము వచ్చినది. 2004 ఫిబ్రవరి 1న చెన్నై అన్నా విశ్వవిద్యాలయములో అన్నా ఎఫ్.ఎం. ప్రారంభమైనది. చదివినవారికి గాలి దొరకెను. చదువురానివారి వంతు ఇంకను రాలేదు. తుదకు 2006 నవంబరు 16న కేంద్ర మంత్రివర్గము స్వచ్ఛంద సంస్థలకును అనుమతి ఇచ్చు విధానమును ఆమోదించెను. మూడేండ్ల సేవ చేసిన సంస్థ కావలెను. ప్రసారశక్తి 100 వాట్లకు, స్తంభము 30 మీటర్లకు మించరాదు. కార్యక్రమములలో సగమైనను స్థానికముగా నిర్మించినవై ఉండవలెను. ప్రకటనలకు గంటకు ఐదు నిమిషములే. వార్తలు అసలే కూడవు. ఇవి నాటి ముఖ్యమైన నిబంధనలు. స్థానిక కార్యక్రమముల నిబంధనను చదివి మాచునూరు వారు చిరునవ్వు నవ్వియుందురు. సగమేమి, వారి సంచులలో ఉన్నదంతయు స్థానికమే.

2008 అక్టోబరు 15. గ్రామీణ స్త్రీల అంతర్జాతీయ దినముగా ఐక్యరాజ్యసమితి మొట్టమొదట పాటించిన దినమది. మాచునూరు పచ్చసాలె ఆవరణమునకు ఊరూరి సంఘము స్త్రీలు తరలివచ్చిరి. ప్రారంభకునిగా వచ్చిన వారు ఏ మంత్రియు కారు. వాయుతరంగములు ప్రజల ఆస్తి అని పదమూడేండ్ల క్రిందట తీర్పు వ్రాసిన సావంత్ గారే. న్యాయస్థానమున వ్రాసిన వాక్యము ఒక పల్లె చేనిగట్టున ఫలించుటను ఆ వాక్యము వ్రాసిన న్యాయమూర్తియే కన్నులార చూచుట ఎందరికి దక్కు భాగ్యము? 90.4 మెగాహెర్ట్జుల మీద సంఘం రేడియో పలికినది. దేశములో స్వచ్ఛంద సంస్థ పక్షమున వెలసిన మొదటి సమాజ రేడియో ఇదే. బుందేల్‌ఖండ్‌లోని ఓర్ఛా వద్ద ఇట్టిదే మరియొకటి అదే నెలలో మొదలైనది.

రాత్రి 7 గంటలకు మొదలై 9 గంటలకు ముగియు ఆ ప్రసారమునకు ఆ వేళ ఊరక కుదిరినది కాదు. కూలి నుండి తిరిగివచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, పిల్లలకు అన్నము పెట్టు గడియలవి. స్త్రీ చేతికి పని ఉన్నను చెవికి తీరిక దొరకు వేళ. ఆ రెండు గంటలలో కార్తె ముచ్చట, చేని ముచ్చట, పిల్లల జబ్బుల ముచ్చట, బతుకమ్మ పాట, పెండ్లిపాట, భజన, ఊరి పండుగ సందడి వినవచ్చును. సంక్రాంతి నాటి నుండి డి.డి.ఎస్. వారు బండ్లపై పాత విత్తనములను అలంకరించి ఊరూర నడుపు పాత పంటల జాతర చప్పుడు కూడ ఆ తరంగములపై పోవును. ఇవి చదువరికి చిన్న సంగతులుగా కనబడవచ్చును. కాని ఒక ఊరి ముసలమ్మ సామలు ఎట్లు దంపవలెనో చెప్పగా, ఇంకొక ఊరిలో ఆ పంట మరచిపోయిన కోడలు విని, మరునాడు సంఘమునకు పోయి గుప్పెడు విత్తనము అడిగి తెచ్చుకొనుటకు ఇట్టి కార్యక్రమమే దారి తీయును. తెగిపోయిన నోటి దారమును ముడివేయు పని రేడియోది. దానికి నూరు వాట్లు చాలును.

ఆ నూరు వాట్ల ప్రసారము చేరునది మాచునూరు చుట్టు సుమారు పాతిక కిలోమీటర్ల మేర. ముస్తాబాదులో కూర్చుండి ఎంత ముల్లు తిప్పినను అది మనకు వినరాదు. వినరాకుండుటయే దాని ధర్మము. సమాజ రేడియో అనగా ఎల్లరికి వినిపించు గొంతు కాదు, ఒక సీమ తనలో తాను మాటలాడుకొను గొంతు. జహీరాబాదు జొన్నరైతుకు తగిన ముచ్చట మన బీడీ కార్మికురాలికి తగదు. ఆమెకు ఆకు నాణ్యము, చాటన్ పేర తీసివేయు కట్టలు, పి.ఎఫ్. కాగితములు, దుబాయి పోయిన కొడుకు క్షేమము – ఇవి కావలెను. సిరిసిల్ల సాంచెల కార్మికునికి నూలు ధర, కూలి రేటు కావలెను. ఒగ్గుకథయు, శారదకథయు, చిందు భాగవతమును చెప్పగలవారు మన సీమలో ఇంకను ఉన్నారు. కాని వారిని రికార్డరుతో వెదకుకొని పోవు నర్సమ్మలు మనకు ఇంకను పుట్టలేదు.

సంఘం రేడియోకు లోపములు లేవనను. వార్తలపై నిషేధము ఉన్నందున, ఊరి పంచాయతీలో జరిగిన అన్యాయమును ఊరి రేడియో చెప్పలేదు. పంట ధర చెప్పవచ్చును గాని, ఆ ధర ఏల పడిపోయెనో చెప్పినచో గీత దాటిరను భయము వెంటాడును. దానము ఆగినచో కేంద్రము ఎట్లు నిలుచునను చింత ఇట్టి సంస్థలన్నిటికిని ఉన్నదే. 2023 మార్చి 19న సతీష్ గారు పరమపదించిరి. 2021లోనే సావంత్ గారు వెడలిపోయిరి. ఆ కేంద్రమును పుట్టించిన తరము ఒక్కొక్కరుగా తొలగుచున్నది. అయినను పుట్టించిన వారి పేరుకంటె నడిపించు స్త్రీల గొంతు ముందుగా గుర్తుకు వచ్చు సంస్థ అది. నా దృష్టిలో దాని విజయమునకు ఇంతకంటె గట్టి గుర్తు వేరొకటి లేదు.

ముస్తాబాదు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పాఠకులకు నా మనవి ఒక్కటి. లాభాపేక్ష లేక మూడేండ్లు సేవ చేసిన ఏ నమోదిత సంస్థయైనను అనుమతి కోరవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయములకును, కృషి విజ్ఞాన కేంద్రములకును ఈ దారి తెరచియే ఉన్నది. జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమును ఎరిగిన వారు ఈ మాటను అక్కడి పెద్దల చెవిని వేయుడు. అది జరుగు లోపల, మీ ఇంట కలుపుపాట వచ్చిన అమ్మమ్మ, ఒగ్గుకథ కట్టిన తాత ఉన్నచో, చేతనున్న ఫోనులోనైనను వారి గొంతును నేడే పట్టి భద్రపరచుడు. మాచునూరు వారు అనుమతి వచ్చిన పిదప పాటలు వెదుకబోలేదు. పాటలు పోగుచేసి అనుమతి కొరకు కాచుకొనిరి.

వచ్చే భాగములో 2011లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున ప్రారంభమైన ‘బోల్ హైదరాబాద్’ కేంద్రమును గూర్చియు, దానికిని సంఘం రేడియోకును ఒకే విధముగా అడ్డుపడిన వార్తల నిషేధమును గూర్చియు చెప్పుదును.